నార తీసే రోజు

ఆ మాట ఇంగ్లీషులో మూడక్షరాలే. రెట్. ఇంగ్లీషు బాగా వచ్చిన పదిమందిని వరసగా నిలబెట్టి అడిగితే తొమ్మిదిమంది ఎప్పుడూ వినలేదంటారు, పదో ఆయన విన్నానని అబద్ధమాడతాడు. అయినా నిఘంటువు అన్నాక చిన్న మాటకీ చోటివ్వాలి, ఎవరికీ అక్కర్లేని మాటకీ చోటివ్వాలి.

ఆ నిఘంటువు కచేరీకి ఉన్నవి రెండే గదులు. నాలుగు గోడలకీ నేల నుంచి కప్పు దాకా చెక్క సొరుగులు, సొరుగుల నిండా చీటీలు. మాటకో చీటీ. చీటీ మీద మూడు గళ్ళు: అర్థం, పుట్టుక, వాడుక. ఆ చీటీలు ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్న మనిషిని కచేరీలో అందరూ చీటీలాయన అంటారు. మితంగా మాట్లాడే మనిషి. మాటలన్నీ సొరుగుల్లో దాచేసి ఖాళీ నోటితో ఇంటికి పోతాడని టైపు చేసే అమ్మాయి వేళాకోళమాడుతుంది.

ఆ ఉదయం పెద్దాయన రెట్ చీటీని ముక్కుకి ఆనించుకుని చదివాడు. నిఘంటువుకి సంపాదకుడాయన. చూపు మందగించినా అనుమానం మందగించలేదు.

"'నార కోసం కాడల్ని నీళ్ళలో నానబెట్టు.' ఇంతేనా?"

"ఇంతేనండి. ఆరు నిఘంటువులు చూశాను. ఆరూ ఇదే అంటున్నాయి."

"ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటే ఆరేం ఖర్మ, అరవై అంటాయి. నానబెట్టడమంటే బట్టలూ నానబెడతాం, పప్పూ నానబెడతాం. అంతమాత్రానికి వాళ్ళు వేరే మాట పుట్టించుకున్నారా? పుట్టుక ఏం రాశావ్?"

"ఐదారు వందల ఏళ్ళ నాటి మాటండి. పాత డచ్చి వాళ్ళ దగ్గర్నుంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. కుళ్ళడానికి ఇంగ్లీషులో రాట్ అంటారు గదా, దానికి చుట్టమని కూడా అంటారు."

"అదీ! చుట్టరికం కుళ్ళుతో, కాపురం నానుడుతో. ఈ మాట ఉండేది ఆ రెండిటికీ నడుమ ఎక్కడో. ఆ ఎక్కడో అన్నది నీ చీటీలో లేదు."

టైపు అమ్మాయి తల ఎత్తింది. "మా ఆయన చొక్కాలు బకెట్లో పడేసి వారం దాకా మర్చిపోతాడండి. అదేనేమో?"

"దాన్ని బద్ధకం అంటారమ్మా. దానికి చీటీ ఎప్పుడో రాశాం." పెద్దాయన చీటీని బల్ల మీద పెట్టి వేలితో మూడో గడి మీద కొట్టాడు. "వాడుక గడి ఖాళీగా ఉంది. మన పద్ధతి తెలుసు గదా. ఆ పని చేసేవాడి నోట్లోంచి వచ్చిన వాక్యం కావాలి, ఇక్కడ కూర్చుని అల్లింది పనికిరాదు. మీ ఊళ్ళో నార పని ఉండేదని ఉద్యోగానికొచ్చిన రోజు చెప్పావు."

"చెప్పానండి."

"మీ బావగారు ఆ పనిలో దిట్ట అని కూడా అన్నావు."

ముప్ఫై ఏళ్ళ కిందట ఒక్కసారి అన్న మాట. ఈయన దాన్ని కూడా ఏ సొరుగులోనో పెట్టుకున్నాడన్నమాట.

"సెలవు పెట్టకు. పని మీద పంపుతున్నాను. అడిగి రాసుకురా."

చీటీలాయనకి ఆ అర్థం ఆరు నిఘంటువుల్లో వెతకాల్సిన పని లేదు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే అక్కా బావా తెచ్చుకుని పెంచారు. ఆ ఇంట్లో అన్నం కన్నా ముందు ముక్కుకి తగిలేది నార వాసనే. కోసిన గోగు కాడల్ని ఆకు రాలే దాకా ఎండనిచ్చి, కట్టలు కట్టి, మడుగులో వరస మీద వరస పేర్చి, తేలకుండా పైన దుంగలూ రాళ్ళూ పెడతారు. వారం తిరిగేసరికి నీళ్ళు నల్లబడతాయి. ఊరి కుక్కలు కూడా ఆ దారిన పోవు. నీళ్ళు ముందు కాడ బెరడులోకి పోతాయి, పోయి నారకీ పుల్లకీ మధ్యనున్న జిగురుని తింటాయి. జిగురు తినడం అయిపోయాక నారని తినడం మొదలుపెడతాయి. ఒకటి అయిపోయి రెండోది మొదలవకముందు ఒక రోజు ఉంటుంది. కొన్ని ఏళ్ళు ఒకటిన్నర రోజు. అప్పుడు తియ్యాలి. ముందు తీస్తే బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి నార పుల్లనే పట్టుకుని కూర్చుంటుంది. ఆలస్యమైతే నార తడిసిన కాగితంలా చేతిలోనే తెగుతుంది.

ఆ రోజు ఏదో చెప్పే మనిషి ఊరికి ఒకడుంటాడు. ఆ పనిని పట్టు చూడడం అంటారు. వాళ్ళ ఊరికి పట్టు చూసేవాడు బావే. తొడల లోతు దిగి, నడిమి కట్టల్లో కింది వరసలోంచి ఒక కాడ లాగి, మొదటికి జానెడు పైన బొటనవేలితో నొక్కేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఒడ్డున పదకొండు కుటుంబాలు ఊపిరి బిగబట్టి నిలబడేవి. "రేపు పొద్దున్న" అంటే రేపు పొద్దున్నే. "ఇప్పుడే" అంటే అన్నం తింటున్నవాళ్ళు చెయ్యి కడుక్కుని లేచేవాళ్ళు. బావ మాట తప్పిందన్నది ఎవరూ ఎరగరు, ఆ ఏడాది దాకా.

ఆ ఏడాది పన్నెండో రోజుకి బావకి జ్వరం ముంచుకొచ్చింది. అప్పటికి చీటీలాయన ఇరవైమూడేళ్ళవాడు. చదువు పూర్తయింది. ఆ మధ్యాహ్నం బస్సుకే ఈ కచేరీలో ఉద్యోగానికి మాట్లాడడానికి వెళ్ళాలి. ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు వేసుకుని తయారుగా ఉన్నాడు. బావ దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, "నడిమి కట్ట, కింది వరస. ఒక కాడ తెచ్చి నా చేతికియ్యి" అన్నాడు.

వెళ్ళాడు. నీళ్ళ వంక చూశాడు, ప్యాంటు వంక చూసుకున్నాడు. ఒడ్డున ఒక కట్ట నీళ్ళలోంచి కొంచెం పైకి తేలి ఉంది. వంగి అందులోంచి ఒక కాడ లాక్కుని ఇంటికొచ్చాడు. వచ్చేసరికి బావ ఒళ్ళెరగకుండా పడి ఉన్నాడు. అక్క నీళ్ళకి వెళ్ళింది. గుమ్మం బయట జనం నిలబడి ఉన్నారు. తనే నొక్కి చూశాడు. బెరడు కదల్లేదు. గాలి తగిలి సగం ఆరిన కట్టలోది ఎందుకు కదులుతుంది?

"ఏమన్నాడయ్యా మీ బావ?" అన్నారు బయటినుంచి.

"రెండ్రోజులు ఆగమన్నాడు" అన్నాడు. బస్సుకి వేళయింది.

ఆ రెండ్రోజుల్లో పదకొండు కుటుంబాల నారా మురిగిపోయింది. గోనెల మిల్లు బళ్ళని గేటు దగ్గర్నుంచే వెనక్కి తిప్పింది. వారం తరవాత ఉద్యోగం వచ్చిందన్న కబురుతో ఇల్లు చేరితే బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జ్వరం తగ్గింది, మొహంలో నెత్తురు లేదు. "ఒరేయ్, రెండ్రోజులన్నది నేనేనా? నాకేమీ గుర్తు లేదు. నేనేనా అన్నాను?" అని అడిగాడు.

లేదు బావా, నేనే అన్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్క పక్కనే ఉంది. వీధిలో ఇద్దరు ముగ్గురు నిలబడి వింటున్నారు.

"అవును బావా" అన్నాడు.

అంతే. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల మాటలకి అర్థాలు రాశాడో లెక్కలేదు. ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ అరిగి చావలేదు. ఊరికి వెళ్తూనే ఉండేవాడు, అక్కకి చీర పెడుతూనే ఉండేవాడు. మడుగులో కట్టలు వేసే నెలలో మాత్రం ఏ ఒక్క ఏడూ వెళ్ళలేదు. చెబుదామని బయల్దేరేవాడు, చెప్పకుండా తిరిగొచ్చేవాడు. ఇప్పుడు పెద్దాయన పుణ్యమా అని ఆ నెలలోనే, ఆ పని మీదే వెళ్ళాల్సి వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈసారి చెప్పకపోతే ఇక ఈ జన్మకి చెప్పనని తనకి తనే గట్టిగా చెప్పుకున్నాడు.

ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బావ వసారాలో కూర్చుని తాడు పేనుతున్నాడు. అక్క గిన్నెలు తోముతోంది.

"ఇదేం వింతరా తమ్ముడూ! మడుగు కంపు కొట్టే రోజుల్లో నువ్వు రావడమేంటి? దారి తప్పావా?"

"పని మీదొచ్చానక్కా. బావతో పని."

"మీ బావతోనా!" అక్క పీచు పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఆయనతో పనైతే ముందే కబురు పెట్టొద్దూ? పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడవయ్యా అంటే రెండ్రోజులు ఆగమంటాడు."

బావ కూడా నవ్వాడు. చీటీలాయన నవ్వలేకపోయాడు. ఊళ్ళో బావకి పేరే రెండ్రోజులాయన అయిపోయింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళకి ఆయన అసలు పేరు తెలీదు.

బావ పక్కన కూర్చుని జేబులోంచి చీటీ తీశాడు. సంగతంతా చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళ మాట ఒకటుంది, దానికి మన నార ఊరబెట్టడమే అర్థం, కుళ్ళుకి చుట్టమట, కుళ్ళు మాత్రం కాదు. పని చేసినవాడి నోటినుంచి ఒక వాక్యం కావాలి.

"అంత దూరాన ఉన్నవాళ్ళకి కూడా దీనికొక మాటుందా?" బావకి ముచ్చటేసింది. "వాళ్ళ మడుగులూ కంపు కొడతాయంటావా?"

"కొట్టకుండా ఎలా ఉంటాయి బావా?"

"మరైతే రాసుకో." తాడు ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు మావి పదమూడు రోజులు ఊరాయి. ఎప్పుడు తియ్యాలో పై ఊరి ఆయన్ని పిలిపించుకుని, ఆయన చెప్పాక తీశాం."

కలం మొదటి వాక్యం రాసింది. రెండో దాని దగ్గర ఆగిపోయింది.

"పై ఊరి ఆయన్నా? నీ సొంత కట్టలకి కూడానా?"

"నావైతే మాత్రం ఏం? నా చెయ్యి అబద్ధం చెప్తుందిరా. ఒకసారి చెప్పింది గదా."

చీటీలాయన కలం మూత పెట్టాడు. అక్క దగ్గరుండగానే చెప్పాలనుకున్నాడు. ఆ రోజు ఆమె ముందే అబద్ధమాడాడు.

"నీ చెయ్యి చెప్పలేదు బావా. ఆ రోజు నువ్వు కాడని ముట్టుకోనే లేదు. ప్యాంటు మాసిపోతుందని ఒడ్డున తేలిన కట్టలోంచి తీశాను నేను. వచ్చేసరికి నీకు ఒంటి మీద తెలివి లేదు. నేనే నొక్కి, నీ పేరు చెప్పి రెండ్రోజులన్నాను. నువ్వు అడిగితే కూడా అవునన్నాను."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

బావ బావమరిది మొహంలోకి చూశాడు. తరవాత ఆయన మొహం మెత్తబడింది. చెయ్యి చాచి చీటీలాయన మోకాలి మీద తట్టాడు.

"నీది చిన్నప్పటినుంచీ జాలిగుండేరా. మేం పెంచామని ఇంత బరువు నెత్తికెత్తుకోవాలా?"

"జాలి కాదు బావా. జరిగిందే చెప్తున్నాను."

"జరిగింది నాకు తెలీదా? నువ్వు కాడ తెచ్చి ఈ చేతిలో పెట్టావు. మంచం పట్టె మీద ఆనించి నొక్కాను. బెరడు కదల్లేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. రెండ్రోజులన్నాను. నువ్వు, సరే బావా, అని బయటికెళ్ళావు. కళ్ళకి కట్టినట్టుంది."

"అప్పుడు నాకేమీ గుర్తు లేదన్నావు గదా!"

"అప్పుడు లేదు. తరవాత నెమ్మదిగా ఒక్కొక్కటే గుర్తొచ్చింది."

చీటీలాయన కలం జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళపాటు తను దాచింది ఒక అబద్ధమనే అనుకున్నాడు. ఆ అబద్ధానికి ఈయన మంచం వేశాడు, కిటికీ పెట్టాడు, కిటికీలోంచి ఎండ కూడా పోశాడు. ఇప్పుడు అది ఆయన సొంత ఇల్లు. బయటికి రమ్మంటే ఎక్కడికని వస్తాడు?

అక్క మాత్రం నమ్మింది. లేచి చెంగుతో చేతులు తుడుచుకుంది. తడి ఎప్పుడో పోయింది, ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది, "నిజమేనా?"

"నిజమేనక్కా."

"ఇన్నేళ్ళూ ఈయన్ని అన్న మాటలు... పొద్దున్న లేస్తే ఒకటి, పడుకుంటే ఒకటి. ఇందాక నువ్వు గుమ్మంలో ఉండగా కూడా అన్నాను. అవన్నీ ఎక్కడికి పోయి కడుక్కోవాలిరా నేను?"

"ఊరుకోవే," అన్నాడు బావ. "వాడేదో ప్రేమకొద్దీ అంటుంటే నువ్వు నిజమనుకుంటున్నావు. నీ మాటలకేం, నాకు అలవాటే. అవి లేకపోతే తోచదు."

అక్క చెంగు వదిలేసి లోపలికి వెళ్ళింది. తిట్టినా బాగుండేదనిపించింది చీటీలాయనకి. కాసేపటికి ఆమె లోపల్నుంచే మొగుణ్ణి పిలిచింది. ఎప్పుడూ ఏమయ్యా అనే మనిషి ఏమండీ అంది. బావ వెనక్కి తిరిగి, ఎవర్ని పిలుస్తోందా అన్నట్టు చూశాడు.

అప్పుడే పొరుగాయన గుమ్మంలోకొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మోకాళ్ళదాకా నల్ల బురద. "రెండ్రోజులాయనా, పై ఊరి ఆయన పెళ్ళికెళ్ళాడట, ఎల్లుండికి గానీ రాడట. ఇవాళ పన్నెండో రోజు. నీళ్ళు చూస్తే నాకు భయమేస్తోంది. ఏం చెయ్యను?" అని, చీటీలాయన్ని చూసి చేతులు జోడించాడు. "మీరా! చదువుకున్నవారు, ఈ ఇంట్లోనే పెరిగినవారు. కాస్త వచ్చి చూసిపెట్టండి."

"బావని తీసుకెళ్దాం పద" అన్నాడు చీటీలాయన.

పొరుగాయన తన బురద కాళ్ళ వంక చూసుకున్నాడు. కాదనడానికి మొహమాటపడ్డాడంతే.

ముగ్గురూ వెళ్ళారు. మడుగు నల్లగా, మధ్యమధ్య బుడగలు తీస్తూ ఉంది. చీటీలాయన ప్యాంటు మడవలేదు. ఉన్నపళాన దిగాడు. నీళ్ళు వెచ్చగా తొడల దాకా వచ్చాయి. నడిమి కట్టల దగ్గరికి వెళ్ళి, దుంగ పక్కకి జరిపి, చెయ్యి భుజందాకా ముంచి కింది వరసలోంచి ఒక కాడ లాగాడు. నీళ్ళలోంచే ఒడ్డు దగ్గరికొచ్చి, తను నొక్కకుండా, బావ ముందుకి చాపాడు.

బావ చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుకో బావా."

"నాకెందుకురా?"

"ఒక్కసారి. నా కోసం."

తీసుకున్నాడు. ఆ తరవాత జరిగింది ఆయన్ని అడిగి జరగలేదు. బొటనవేలు తనంతట తనే మొదటికి జానెడు పైకి నడిచి ఆగింది. నొక్కింది. కళ్ళు మూతపడ్డాయి. బెరడు చిన్న నిట్టూర్పులా జారింది, జారుతూ మూరెడు దూరం పోయింది, లోపల పుల్ల కడిగిన ఎముకలా తెల్లగా బయటపడింది. వేలు అక్కడ ఆగింది.

"ఎలా ఉంది బావా?"

బావ కళ్ళు తెరిచాడు. చేతిలో కాడని కొత్త వస్తువుని చూసినట్టు చూశాడు. తెల్ల పుల్ల ఎండలో మెరుస్తోంది.

"ఏమోరా," అన్నాడు. "నాకు తెలీదు. నువ్వే చెప్పు."

"అయ్యా, ఇవాళా రేపా?" పొరుగాయన తొందరపెట్టాడు. "మనుషుల్ని కేకెయ్యాలి."

"బావ చెయ్యి చెప్పింది గదా, చూశావుగా. ఇవాళే అంటోంది."

"ఆయన చెయ్యి సంగతి మా నాన్న చెప్పేవాడు లెండి." పొరుగాయన నవ్వాడు. ఆ నవ్వులో చెడు లేదు, మడుగు కంపు గురించి నవ్వినట్టే నవ్వాడు. "మీ మాట చెప్పండి. మీరంటే దిగుతాను, లేకపోతే ఎల్లుండిదాకా ఆగుతాను."

ఎల్లుండి. అంటే మళ్ళీ రెండ్రోజులే. చీటీలాయన బావ వైపు చూశాడు. బావ ఒడ్డు మీది గడ్డి వంక చూస్తున్నాడు. ఈయన నోరు తెరవడు. తను నోరు మూసుకుంటే ఈ మనిషి నార మురుగుతుంది.

"ఇప్పుడే తియ్యండి" అన్నాడు.

పొరుగాయన గట్టు మీదికెగిరి ఊరి వైపు కేక పెట్టాడు. మనుషులు వచ్చారు. ఒకడు దిగి మొదటి కట్ట విప్పి కాడ విరిచి లాగితే నార మొత్తం ఒక్క ఊపున, తల దువ్వినట్టు, తెల్లగా ఊడొచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ చీటీలాయన వంక మెచ్చుకోలుగా చూశారు.

బావ కూడా చూశాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. నీళ్ళలోనే నిలబడ్డ బావమరిది భుజం మీద, బురదైనా చూసుకోకుండా, చెయ్యి వేశాడు.

"నీది మంచి చెయ్యిరా," అన్నాడు. "ఆ రోజు జ్వరంలో ఉన్న నన్ను లేపకుండా, నువ్వే చూసి నువ్వే చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది."